ఎస్సావీరా నీలిరంగు పనివాళ్లది

సంపాదకులకు నమస్కారాలు.

మొరాకో దేశపు అట్లాంటిక్ తీరంలోని ఎస్సావీరా పట్టణం గురించి మీ ఆదివారం అనుబంధంలో రెండు పేజీల నిండా వేసిన ఛాయాచిత్రాలు చూసి సంతోషించాను. తెలుగు పత్రికల్లో ఆ ఊరి పేరు కనిపించడమే అరుదు. అయితే ఆ బొమ్మల కింది రాతల్లో ఊరు మొత్తం నీలి తలుపులకూ తెల్ల గోడలకూ సాయంకాలపు ఎండకూ కుదించుకుపోయింది. వీధులు ఖాళీగా, ఎవరో తెల్లవారుజామునే ఊడ్చి మనుషులను పక్కకు జరిపినట్టుగా ఉన్నాయి. నేను ఫాస్ఫారిక్ ఆమ్లం తయారుచేసే కర్మాగారాల్లో పనిచేసి విరమించినవాణ్ణి. మన రైతులు వేసే డీఏపీ ఎరువులోని భాస్వరంలో పెద్ద వాటా మొరాకో గనులదే కాబట్టి నావంటి ఇంజనీర్లకు ఆ దేశంతో ఉద్యోగ సంబంధం ఏర్పడింది. కాసాబ్లాంకాకు దక్షిణాన ఉన్న జోర్ఫ్ లాస్ఫార్ రేవులో పనిచేసిన కాలంలో, సెలవు దొరికినప్పుడల్లా సాఫీ పట్టణం మీదుగా తీరం వెంబడి ఎస్సావీరాకు వెళ్లేవాణ్ణి. ఆ ఊరి రంగులన్నీ ఎవరో ఒకరి రోజువారీ పనిలోంచి పుట్టినవేననీ, ఆ పని గురించి చెప్పకుండా రంగును మాత్రమే చూపితే పాఠకుడికి ఊరు అందదనీ విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా నీలం సంగతి. ఆ నీలం మొదట కంటపడేది తలుపుల మీద కాదు, రేవులో. కోటగోడకు ఆనుకొని ఉన్న రేవులో, ఒక పడవ అంచు మరో పడవకు ఒరుసుకునేంత దగ్గరగా, చిన్న చెక్క పడవలు వరుసలు వరుసలుగా కట్టి ఉంటాయి. అన్నిటికీ ఒకే నీలం. రాత్రి వేటకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి గట్టు మీద వలలు కుప్పలుగా పరచి ఉంటాయి, వాటి పక్కన చతికిలబడి మగవాళ్లు చిరుగులు అల్లుతూ ఉంటారు. కవళ్లు, పాము చేపలు, పీతలు, ఆక్టోపస్‌లు పెట్టెల్లోకి ఎక్కుతాయి. పక్కనే సీగల్ పక్షుల గోల, పడవవాళ్లు విసిరే తలకాయల కోసం పిల్లుల కాపలా. ఆ నీలాన్ని ఏటేటా మళ్లీ మళ్లీ పూయవలసిందే, ఎందుకంటే ఉప్పుగాలి అక్కడ ఏ రంగునూ ఎక్కువ కాలం బతకనివ్వదు. మీ ఛాయాచిత్రంలో కొత్తగా మెరిసిన ఆ పడవ వెనక, దాన్ని గట్టెక్కించి, పాత రంగు గోకి, పలకల సందుల్లో నార కుక్కి, మళ్లీ రంగు వేసిన మనిషి ఉన్నాడు.

ఆ మనుషులను చూడాలంటే రేవుకు పక్కనే ఉన్న పడవల నిర్మాణ స్థలానికి వెళ్లాలి. పెద్ద మరబోట్లను ఇప్పటికీ అక్కడ చెక్కతోనే కడతారు. పడవ పక్కలకు కావలసిన వంకీ కర్రలకు నీలగిరి చెట్ల దుంగలను ఎంచుతారు, వంపు సహజంగానే ఉన్న దుంగకు అక్కడ ఎక్కువ విలువ. మా కాకినాడకు దగ్గరలో తాళ్లరేవు, కోరంగి ప్రాంతాల్లో పడవలు కట్టే వడ్రంగుల పని చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ స్థలంలో నాకు అడుగు ముందుకు పడేది కాదు. రంపపు పొట్టు వాసన, సుత్తి చప్పుడు, కంటిచూపుతోనే వంపు సరిచూసుకునే పెద్ద వడ్రంగి ఓపిక, అన్నీ నాకు తెలిసినవే అనిపించేవి. తెలుగు పాఠకుడికి ఎస్సావీరాను పరిచయం చేయడానికి ఇంతకంటే దగ్గరి దారి ఏముంటుంది? పర్యాటకుల్లో అధికులు ఆ స్థలాన్ని దాటుకుంటూ కోట బురుజు మీది ఫిరంగుల దగ్గరికి వెళ్లిపోతారు. మీ బొమ్మల్లోనూ ఫిరంగులు ఉన్నాయి, వడ్రంగులు లేరు.

రంగు పనితో ఆ తీరానికి ఉన్న సంబంధం ఈనాటిది కాదు. ఊరికి ఎదురుగా సముద్రంలో కనిపించే మొగదోర్ దీవికి క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలోనే ఫినీషియన్ వర్తకులు వచ్చేవారు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం చివర్లో ఉత్తరాఫ్రికాలోని ప్రాచీన మారిటేనియా రాజ్యాన్ని ఏలిన రెండవ జుబా అక్కడ ఊదారంగు తయారీని నెలకొల్పాడు. మ్యూరెక్స్ అనే సముద్రపు నత్తలను వేల సంఖ్యలో ఏరి, పగలగొట్టి, వాటి గ్రంథుల నుంచి పిసరంత రంగు తీసేవారు. రోము నగరపు సెనేటర్ల వస్త్రాల అంచుకు వాడినది ఆ జాతి ఊదారంగే. పాత పుస్తకాల్లో ఆ దీవులకు ఊదా దీవులు అనే పేరు నిలిచిపోయింది. సెనేటరు అంచు సంగతి చరిత్రలో ఉంది కానీ, కుళ్లిన నత్తల దుర్వాసనలో రోజంతా కూర్చొని ఆ రంగు తీసినవాళ్ల పేరు ఒక్కటీ మిగల్లేదు. రెండు వేల సంవత్సరాల తర్వాత మనం కూడా అదే పద్ధతిలో అంచును చూసి చేతులను వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు మనం చూసే పట్టణం 18వ శతాబ్దపు కట్టడం. పోర్చుగీసువారు 1506లో అక్కడ కోట కట్టుకున్నా నాలుగేళ్లకే విడిచిపెట్టవలసి వచ్చింది. 1760ల్లో సుల్తాను సిదీ మొహమ్మద్ బెన్ అబ్దల్లా ఐరోపాతో వ్యాపారం మొత్తం తన కనుసన్నల్లో ఒక్క రేవు గుండా జరగాలని తలచి, థియోడార్ కోర్నూ అనే ఫ్రెంచి ఇంజనీరు చేత పట్టణానికి నమూనా గీయించాడు. ఫేజ్, మర్రకేష్ పాత పట్టణాల్లో సందులు వంకర్లు తిరిగి మనిషిని దారి తప్పిస్తాయి. ఎస్సావీరాలో మాత్రం కోటగోడల లోపల ముఖ్య వీధులు తిన్నగా సాగుతాయి. రేవు వైపు నుంచి బాబ్ దుక్కాలా ద్వారం దాకా ఊరిని నిలువునా చీల్చే రాజవీధి ఒంటెల బారుల కోసం, సరుకు మోసే పశువుల కోసం ఏర్పడిన దారి. సహారా అవతలి నుంచి వచ్చిన బంగారం, ఉష్ట్రపక్షి ఈకలు, జిగురు, ఏనుగు దంతం ఆ దారినే ఓడలకు చేరాయి. బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులు కూడా అదే ఎడారి దారుల్లో నడిచి వచ్చారు. ఆ మాట రాయకుండా ఆ వీధి అందాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

నేడు ఆ వీధిలో మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. సరుకంతా తోపుడు బండ్ల మీదే కదులుతుంది. గ్యాస్ సిలిండర్లు, పుదీనా కట్టలు, గొర్రె తోళ్లు, విదేశీయుల సూట్‌కేసులు అన్నిటినీ రెండు చక్రాల బండి మీద పేర్చుకొని, దారి వదలమంటూ కేకలు వేస్తూ మనుషులు తోసుకుపోతారు. ఉదయం పూట ఆడవాళ్లూ పిల్లలూ గుడ్డ కప్పిన పలకల మీద పిండి ముద్దలను వీధి పొయ్యికి తీసుకువెళ్లడం కనిపిస్తుంది. ఫెర్రాన్ అనే ఆ ఉమ్మడి పొయ్యి దగ్గర ఏ ఇంటి రొట్టె ఏదో కాల్చేవాడికి చూడగానే తెలుసు. అంగడి వీధుల నడుమ ధాన్యపు వర్తకులకు ఒక చౌకమూ, పాత వస్తువుల వేలంపాటకు మరొక చౌకమూ ఎదురెదురుగా ఉన్నాయి. కొత్త అంగడిగా పిలిచే వరండాల సముదాయంలో చేపలకు ఒక వైపు, సుగంధ ద్రవ్యాలకు ఒక వైపు. జీలకర్ర, పసుపు, ఎండు గులాబీ మొగ్గలు, ఆలివ్ కాయలు, ఉప్పులో ఊరిన నిమ్మకాయలు గంపల్లో పోసి ఉంటాయి. మన రైతుబజారులో తిరిగే ఇల్లాలికి అక్కడ దుబాసీ అవసరం ఉండదు, ధర అడిగే చేతి సైగ ఒక్కటి చాలు.

సముద్రపు గాలి అక్కడ నిత్యం వీస్తుంది. వేసవిలో మర్రకేష్ నిప్పులు చెరుగుతున్నప్పుడు, కేవలం కొద్ది గంటల ప్రయాణ దూరంలో ఉన్న ఈ ఊళ్లో సాయంత్రానికి ఉన్ని బట్ట కావలసి వస్తుంది. వృద్ధ స్త్రీలలో కొందరు ఒళ్లంతా చుట్టుకునే హాయిక్ అనే తెల్లని వస్త్రం, మగవాళ్లు వేసుకునే జెల్లాబా అనే ముతక పొడవాటి అంగీ తలముసుగు చూసేవారికి వేడుకగా కనిపించవచ్చు. ఆ గాలిలో నిలబడి చూస్తే వాటి ప్రయోజనం తెలుస్తుంది. హాయిక్ ధరించిన ముసలమ్మలలో చాలామందికి తమను ఫోటో తీయడం ఇష్టం ఉండదు, కెమెరా ఎత్తగానే ముఖం తిప్పుకుంటారు. మీ అనుబంధంలో అటువంటి ఒక వీపు బొమ్మ ఉంది. దాన్ని అందం కోసం తీసిన కోణమని పాఠకులు అనుకుని ఉంటారు. ఆమె వద్దన్నదేమోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

కోట బురుజు కింది కమాను గదుల మాట తప్పక చెప్పాలి. ఒకప్పుడు మందుగుండు దాచిన ఆ గదుల్లో ఇప్పుడు తూయా చెక్క పనివాళ్లు ఉంటున్నారు. తూయా దేవదారు తరహా సువాసన కలిగిన చెట్టు, దాని వేరు దగ్గర ఏర్పడే బుడిపెను తవ్వి తీసి కోస్తే లోపల తేనెరంగు మీద చుక్కలు చుక్కలుగా సుడులు కనిపిస్తాయి. పెట్టెలు, బల్లలు, పళ్లేలు చేసి వాటి మీద నిమ్మచెక్క, నల్ల చెక్క, ముత్యపు చిప్ప ముక్కలను పొదుగుతారు. చివరకు దూది ముద్దతో గంటల తరబడి రుద్ది మెరుపు తెప్పిస్తారు. ఆ మెరుపు యంత్రానిది కాదు, భుజానిది. చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, వేరు తవ్వితే చెట్టే పోతుంది, కాబట్టి చుట్టుపక్కల అడవి పలచబడుతున్న కొద్దీ పనివాళ్లకు మంచి బుడిపెలు దొరకడం కష్టమవుతోంది. మరి కొనేవాళ్లు చేసేది ఏమిటి? నెల రోజులు పొదిగిన పెట్టెకూ హడావుడిగా అతికించిన పెట్టెకూ ఒకే ధర అడిగి బేరమాడతారు. ఆ బేరం చూస్తూ నిలబడలేక పక్క వీధికి వెళ్లిపోయిన సందర్భాలు నాకు ఉన్నాయి.

ఆర్గాన్ నూనె విషయంలోనూ అటువంటి ఇబ్బందే ఉంది. ఆ చెట్టు నైరుతి మొరాకోలో తప్ప పెద్ద ఎత్తున మరెక్కడా పెరగదు. గట్టి గింజను రాయి మీద రాయి పెట్టి కొట్టి, పప్పును వేయించి, తిరగలిలో విసిరి, పిండి పిసికి నూనె తీయడం తరతరాలుగా ఆడవాళ్ల పని. ఒక్క లీటరు నూనెకు 30 కిలోలకు పైగా కాయలు పడతాయి. ఈ విద్యను యునెస్కో 2014లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఊళ్లోని కొన్ని దుకాణాలు గుమ్మం ముందు ఒక స్త్రీని తిరగలి దగ్గర కూర్చోబెట్టి వచ్చేపోయే వాళ్లకు ప్రదర్శిస్తాయి. ఊరు దాటి పల్లెల దారి పడితే ఆడవాళ్ల సహకార సంఘాలు ఉన్నాయి, అక్కడ గింజ కొట్టేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, పాడుకుంటూ పని చేస్తారు. బాదం, తేనె, ఆర్గాన్ నూనె కలిపి నూరిన అమ్లూను రొట్టెతో పెడతారు. నూనె కొనదలచిన మన ప్రయాణికులకు ఆ దారి చూపిస్తే మేలు.

ఊరి జనం గురించి మరో ముఖ్యమైన సంగతి మీ పేజీల్లో పూర్తిగా లోపించింది. సుల్తాను తరఫున వ్యాపారం చేసే హోదా పొందిన వర్తకులలో అధికులు యూదులు. 19వ శతాబ్దంలో ఊరి జనాభాలో వారిది చాలా పెద్ద వాటా, ముస్లింల అంగళ్లూ యూదుల అంగళ్లూ ఒకే వీధిలో పక్కపక్కనే నడిచేవి. బ్రిటిష్ వర్తకులు క్రిమియా యుద్ధకాలంలో అమ్ముడుపోని చైనా తేయాకును టాంజియర్ రేవులోనూ, ఐరోపావాళ్లు మొగదోర్ అని పిలిచిన ఈ ఎస్సావీరా రేవులోనూ దించడంతోనే ఆ దేశంలో పుదీనా టీ అలవాటు ఇంటింటికీ పాకింది. మొరాకో అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ గ్లాసు ఈ రేవు గుండా వచ్చిందే. 1912 తర్వాత ఫ్రెంచి పాలనలో కాసాబ్లాంకా పెరిగి ఎస్సావీరా వ్యాపారాన్ని మింగేసింది. 1948 తర్వాత యూదులు ఇజ్రాయెల్, ఫ్రాన్స్, కెనడాలకు తరలిపోయారు. మెల్లా అనే వారి పేటలో సముద్రం వైపు ఇళ్లు చాలావరకు కూలిపోయి మొండిగోడలుగా మిగిలాయి. అదే ఊళ్లో పాత ప్రార్థనామందిరాన్ని బాగుచేసి 2020లో బైత్ దాకిరా అనే స్మృతి కేంద్రాన్ని తెరిచారు. ఆ ఊళ్లో పుట్టిన ఆంద్రే అజూలే మొరాకో రాజుకు సలహాదారుగా ఉంటూ ఇటువంటి పనులకు అండగా నిలిచారు. నీలి తలుపుల్లో కొన్నిటి మీద రాతిలో చెక్కిన ఆరు కోణాల నక్షత్రం ఇప్పటికీ కనిపిస్తుంది, ఆ పక్క గుమ్మం మీద నెలవంక.

రంగుల మాట వచ్చినప్పుడు గ్నావా సంగతి వదలడానికి లేదు. బానిసలుగా వచ్చిన పశ్చిమాఫ్రికా ప్రజల సంతతి వారు గ్నావాలు. వారికి ఆ ఊళ్లో సీద్నా బిలాల్ పేరిట మఠం ఉంది. లీలా అనే రాత్రి జాగరణలో మూడు తంత్రుల గెంబ్రీ వాయిద్యం, ఇనుప తాళాల మోత నడుమ ఒక్కో దేవతాగణానికి ఒక్కో రంగు వస్త్రం, ఒక్కో ధూపం ఉంటాయి. తెలుపు, నలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ప్రతి రంగుకూ దాని పాటలు వేరు. బాధలో ఉన్న మనిషికి ఊరట కలిగించడమే ఆ రాత్రి ఉద్దేశం. 1998 నుంచి జరుగుతున్న గ్నావా సంగీతోత్సవం వల్ల ఆ పాట ప్రపంచానికి చేరింది, 2019లో యునెస్కో జాబితాకూ ఎక్కింది. మొహమ్మద్ తబాల్ అనే గ్నావా డోలు కళాకారుడు ఏ బడిలోనూ బొమ్మలు నేర్చుకోకుండానే ఆ రంగులను చిత్రాల్లోకి తెచ్చి పేరు పొందాడు. 1989లో మరణించిన చిత్రకారుడు బూజెమా లఖ్దర్ అంతకు ముందే ఊరి హస్తకళలను ఒకచోట చేర్చి మ్యూజియం నెలకొల్పాడు. దుకాణాల ముందు పర్యాటకుల కోసం వేలాడే ఆ ముదురు రంగుల బొమ్మలకు వీరు వేసిన దారే ఆధారం.

ఇంతా రాయడానికి కారణం, ఆ వీధి మారిపోతూ ఉండటమే. 2001లో పాత పట్టణాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించిన తర్వాత విదేశీయులు లోపలి ఇళ్లను కొని అతిథి గృహాలుగా మార్చడం ఊపందుకుంది. కొన్ని ఇళ్లు ఆ డబ్బు వల్లనే కూలకుండా నిలిచాయన్నది నిజం, దాన్ని నేను కాదనను. కానీ ఇంటి ధర పెరిగినప్పుడు వడ్రంగి కొడుకు గోడల బయటి కొత్త కాలనీకి వెళ్లవలసి వస్తుంది. ఇంట్లో పిండి పిసికేవాళ్లు తగ్గితే వీధి పొయ్యికి రొట్టెలు తగ్గుతాయి. కవళ్ల గుంపులు దక్షిణానికి తరలి, పెద్ద పడవలు అగాదీర్, అంతకు దిగువ రేవులను ఆశ్రయించడంతో ఒకప్పటి డబ్బా చేపల కర్మాగారాలు మూతపడ్డాయి. మిగిలిన చిన్న పడవలవాళ్లు ఇప్పటికీ సముద్రంలోకి వెళ్తున్నారు. తలుపుకు నీలం వేయించడానికి అతిథి గృహం యజమాని దగ్గర డబ్బుంటుంది. పడవకు నీలం పూయాలంటే మాత్రం చేప దొరకాలి.

కాబట్టి మీకు నా విజ్ఞప్తి. ఇకమీదట ఇటువంటి ఊళ్ల గురించి వేసేటప్పుడు బొమ్మలో ఉన్న మనిషి ఏ పని చేస్తున్నాడో ఒక్క వాక్యమైనా రాయండి. బొమ్మకు ఒప్పుకున్నాడో లేదో తెలుసుకున్నాకే వేయండి. విహారయాత్రల సంస్థల మాటలు చూసి వెళ్లే మన తెలుగువాళ్లు అక్కడ ఒక పూట ఆగి, కోట మీద ఫోటో దిగి, మర్రకేష్ బస్సు ఎక్కుతున్నారు. రెండు రాత్రులు ఉండమని, పొద్దున్నే రేవుకు వెళ్లమని, పడవలు కట్టే చోట నిలబడమని, చెక్కపెట్టె కొంటే చేసినవాడి దగ్గరే కొనమని మీ పత్రిక చెబితే వింటారు. అనుబంధంలో చోటిస్తానంటే రేవు గురించీ తూయా పని గురించీ నా దగ్గరున్న వివరాలను వ్యాసంగా రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత రసాయన ఇంజనీరు,
కాకినాడ